పదకొండో బెడ్

ఆదివారం పొద్దున
కాజీపేట పట్టాల ఇవతలి గల్లీల
గేటు కన్నా ముందు ఆమె దగ్గు తెరుచుకుంటది.
"చేతులు కడుక్కున్నవా?"
మట్టిల పెట్టబోయే చేతులను
కడుక్కొని రమ్మనే మనిషి
సలోమి సిస్టర్ ఒక్కతే.

ఎన్నడో బీపీ మిషన్ బాగుచేయ వచ్చి
చాయ్ తాగి, ఒక గుంత తవ్వి పోయిన.
ఆరేండ్లాయె.
గుంతలు తవ్వుతనే ఉన్న.

ఆమె మోకాళ్లు వంగవు.
ప్లాస్టిక్ కుర్చీల కూసొని చేతికర్రతోటి చూపిస్తది,
రౌండ్లకు వచ్చిన పెద్ద డాక్టర్ లెక్క:
"మూడో బెడ్ వంకాయకు ఆకు ముడత.
ఐదో బెడ్ పుంటికూర మంచిగుంది, రేపు ఇంటికి పంపొచ్చు.
ఏడో బెడ్ కాకర రాత్రంత పందిరి కోసం చెయ్యి చాపింది,
ఎవలన్న చూసిన్రా?"
పాత పెయింటు డబ్బాలే కుండీలు.
అన్నిటికీ సున్నంతోటి నంబర్లు.

నేను కుర్పితో మట్టి గుల్ల చేస్తుంటే
ఆమె పెద్దాసుపత్రిలకు పోతది.
గాజు సిరంజీలు ఉడికే గిన్నె.
సూది మొన మొద్దువడితే రాయి మీద నూరుడు.
కరెంటు పోతే లాంతరు పట్టుకొని
నిలవడే నిద్రపోయిన వార్డుబాయ్.
ములుగు అడవి దిక్కు నుంచి ఎడ్లబండ్ల వచ్చిన బాలింత
బిడ్డకు ఆమె పేరే పెడతనని
నోరు తిరగక "సాలమ్మ" అని రాయించుడు.
అక్కడ నవ్వుతది.
ఆ నవ్వు అయిపోయేదాక నేను తవ్వ.

పోయిన నెల చిక్కుడుకు పేనుబంక పట్టింది.
కొనలన్నీ నల్లగ, జిగటగ.
హన్మకొండ చౌరస్తల మందు సీసా కొనుక్కొచ్చిన.
ఇంకా మూత తియ్యనే లేదు.
"అవతల పెట్టు."
ఆ గొంతు నేనెప్పుడూ వినలే.
"గోడ అవతల."

ఒక గూడ్సు బండి పోయేదాక మాట్లాడలే.
యాభై ఎనిమిది డబ్బాలు.

"పత్తి పోయిన ఏడు" అన్నది.
"రాత్రికి ఆరుగురు, ఏడుగురు.
వార్డుకు వార్డే ఈ వాసన.
నా చీర ఎన్నిసార్లు పిండినా పోయేది కాదు,
మా ఆయన వాకిట్ల పండుకునేటోడు.
పరకాల దిక్కు పిలగాడు ఒకడు, మీసం సరిగ రాలే.
ఊపిరి మిషన్ ఇంకొకరికి పెట్టిన్రు.
నా చేతికి రబ్బరు బుడ్డి ఇచ్చి పిసుకుమన్నరు.
రాత్రి పది నుంచి పిసికిన.
ఒకటి, రెండు, వదులు.
ఒకటి, రెండు, వదులు.
చర్చి గంట కొట్టంగ కండ్లు తెరిచిండు.
గొట్టం తీసినంక నాలుగో దినం అడిగిండు:
ఎందుకు బతికిచ్చినవ్ సిస్టరమ్మా,
అప్పు నువ్వు కడ్తవా?"

ఆమె కుడిచెయ్యి ఒళ్లో
మూసుకుంటున్నది, తెరుచుకుంటున్నది.
"నువ్వేమన్నవ్?"
"టెంపరేచర్ చూసిన."

ఆ పొద్దంత ఇద్దరం
సబ్బునీళ్లల్ల గుడ్డ ముంచి
చిక్కుడు కొనలు ఒక్కొక్కటే తుడిచినం.
చాయ్ కప్పు పట్టుకుంటే వణికే వేళ్లు
ఆకు తిప్పంగ వణకలే.
సీసాను పారబొయ్యలేక, ఇంట్లకు తేలేక
మూడు రోజులు బండి డిక్కీల మోసిన.
దుకాణపాయన సగం పైసలిచ్చి
"పని చెయ్యలేదా?" అన్నడు.

నేను నారు నాటుతుంటే కర్ర నా భుజానికి తాకుతది.
"అంత గట్టిగ ఒత్తకు.
వేరుకు గూడ ఊపిరుంటది."

పదో బెడ్ బచ్చలి, పన్నెండు కనకాంబరం.
నడుమ పదకొండుల మట్టే.
మొక్క లేదు, గింజ గూడ పెట్టనియ్యదు.
అయినా వారం వారం చెంబు నీళ్లు పోయిస్తది.
"దీంట్ల ఎవలున్నరు సిస్టర్?"
"డిశ్చార్జ్ అయి పోయిండు. మళ్ల రాలే.
పొయ్యి. మెల్లగ.
ఇంకొంచెం.
చాలు."